ఇప్పసారా ఎవరిది?

ఇటలీలో టస్కనీ కొండల మీద మోంటాల్చీనో అనే చిన్న ఊరుంది. అక్కడి రెడ్ వైన్ రుచి చూడ్డానికే దేశదేశాల నుంచి జనం వెళ్తారు. బ్రునెల్లో అనే ఆ వైన్‌కి 1888 నాటి సీసాలు ఇంకా భద్రంగా ఉన్నాయి. వేరే ఊరివాళ్లు ఆ పేరు పెట్టుకోకుండా 1980 నుంచి గట్టి చట్టమే కాపలా కాస్తోంది. మనకు పక్కనే, భద్రాచలం, చింతూరు దాటి కుంట మీదుగా పైకి పోతే వచ్చే బస్తర్‌లోనూ ఒక సొంత పానీయం ఉంది. అదే ఇప్పసారా. దానికీ చట్టాలకు కొదవ లేదు గానీ, అవి చాలాకాలం కాచేవాళ్లను పట్టుకోవడానికే పనికొచ్చాయి.

ఇప్పచెట్టు మనకు కొత్త కాదు. ఆదిలాబాద్ నుంచి మన్యం దాకా ఇప్ప లేని ఆదివాసీ ఊరు అరుదు. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో ఆకు రాలిన కొమ్మలకు గుత్తులుగా పూసి, రాత్రంతా రాలుతూ ఉంటుంది. తెల్లవారకముందే ఆడవాళ్లూ పిల్లలూ బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. ఎలుగుబంటి కూడా అదే వేళకు వస్తుంది, దానికీ ఈ తీపి అంటే ప్రాణం. పువ్వు కనపడాలని కింద ఎండుటాకులకు నిప్పు పెట్టడం, అది అడవికి అంటుకోవడం ఏటా జరిగేదే. ఏరిన పువ్వును ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుని నెలల తరబడి నిలవుంటుంది. కరువు ఏళ్లలో జనం దీన్నే ఉడకబెట్టుకుని తిని బతికారు. అంటే ఇది ముందు తిండి, తర్వాతే మందు.

ఇప్పపువ్వును పులియబెట్టడం చాలా పాత విద్య. చరక సంహితలోనే మధూకాసవం ఉంది, మధూకమంటే ఇప్పే. కానీ ఆసవం పులిసినది మాత్రమే, కాచి ఆవిరి పట్టినది కాదు. ఆ రెండో విద్య ఎప్పుడు అబ్బిందన్నదే అసలు చిక్కు. బట్టీ పెట్టడం అరబ్బుల నుంచి మనకొచ్చిందని చాలామంది అనుకునేవారు. 1979లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు పండితుడు ఆ మాటను తిరగేశాడు. ఇప్పటి పాకిస్తాన్‌లో చార్సద్దా దగ్గరి షేఖాన్ ఢేరీలో బయటపడ్డ మట్టిపాత్రలు ఆవిరిని చల్లార్చి పట్టేవేనని, రెండు వేల ఏళ్ల కిందటే ఇక్కడ సారా కాచారని వాదించాడు. అందరూ ఒప్పుకోలేదు. నాకు ఆ వాదంలో నచ్చేది వేరే సంగతి. తక్షశిల తవ్వకాల్లో దొరికిన పాత్రలను జోడించి గీసిన బొమ్మ చూస్తే, మధ్య భారతంలో ఏ పల్లె బట్టీ పక్కనైనా పెట్టి పోల్చుకోవచ్చు.

పద్ధతి ఇది. ఎండుపువ్వును నీళ్లలో నానేసి నాలుగైదు రోజులు ఊరనిస్తారు. చలికాలమైతే ఇంకొన్ని రోజులు పడుతుంది. ఆ ఊటను కుండకెత్తి కట్టెల పొయ్యి మీద పెట్టి, పైన ఇంకో కుండ బోర్లించి, సందులు మట్టితో మెత్తుతారు. వెదురు గొట్టం గుండా ఆవిరి పక్కనున్న కుండలోకి పోయి, నీళ్ల చల్లదనానికి సారాగా దిగుతుంది. కొన్ని చోట్ల గొట్టం ఉండదు. పై పాత్రలో చన్నీళ్లు పోసి, వేడెక్కినప్పుడల్లా మారుస్తారు. ఎన్నిసార్లు నీళ్లు మార్చారన్న లెక్కే ఘాటుకు కొలత. ఇంకా అనుమానముంటే కాస్త నిప్పుల మీద చల్లుతారు, భగ్గుమంటే మంచి సరుకు. బెల్లం, నవసాగరంతో దించే మన గుడుంబాకూ దీనికీ పోలికే లేదు.

బస్తర్‌లో ఇది లేకుండా పెళ్లి లేదు, చావు లేదు, పండగ లేదు. తాగేముందు పెద్దలకని నాలుగు చుక్కలు నేల మీద వదులుతారు.

ఇంటి సారా మీద రాజు చెయ్యి పడటం కొత్తేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. కాపిశాయనం, హారహూరకం అంటూ పుట్టిన చోటును బట్టి ద్రాక్ష మద్యాలకు పేర్లున్నాయి. చిత్రమేమిటంటే, శుభకార్యాలకు గృహస్థులు తెల్లసుర చేసుకోవచ్చనీ, ఉత్సవాలప్పుడు నాలుగు రోజులు సుర చేసుకోవచ్చనీ ఆ శాస్త్రమే వీలిచ్చింది. బ్రిటిష్‌వాళ్లకు ఆపాటి దయ కూడా లేకపోయింది. సారా కాపు కాంట్రాక్టర్ల చేతికిచ్చి పన్ను గుంజారు. బొంబాయి ప్రెసిడెన్సీలో 1892 చట్టంతో ఠాణా, కొలాబా జిల్లాల్లో ఏకంగా పువ్వు మీదే కట్టడి పెట్టారు. కాకతీయుల వారసులమని చెప్పుకునే రాజులున్న బస్తర్ సంస్థానంలోనూ ఇంటి కాపు నేరమైంది. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. నేతానార్ గుండాధుర్ పేరుతో జనం నేటికీ తలుచుకునే ఆ పోరుకు అడవుల రిజర్వు, వెట్టి పెద్ద కారణాలు. సారా కాచుకోనివ్వకపోవడమూ ఆ కోపాల్లో ఒకటి.

అలాగని దీన్ని అమృతమని పొగడలేను. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1943లో బస్తర్ మారియా ఆదివాసీల హత్యల మీద రాసిన పుస్తకంలో 100 కేసులు పరిశీలించాడు. తాగుడు వాటిలో ఒక కారణంగా కనిపిస్తుంది. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడిన రాష్ట్రం వాళ్లం, ఆ బాధ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే దూబగుంట పోరాడింది పాటదారుల సారా మీద. ఇంటి పొయ్యి మీద నాలుగిళ్ల కోసం కాచేదాన్నీ దాన్నీ ఒకే గాటన కట్టడం సర్కారుకు అలవాటు. ఆదివాసీ ప్రాంతాల కోసం వచ్చిన 1996 పెసా చట్టం మత్తుపదార్థాల నిషేధం, అమ్మకాల నియంత్రణ గ్రామసభ చేతిలో పెట్టింది. నా దృష్టిలో సరైన చోటు అదే.

ఇప్పుడు ఇప్పసారాకు హోదా వస్తోంది. 2018లో గోవాలో ఒక కంపెనీ దాన్ని ఖరీదైన సీసాలో అమ్మకానికి తెచ్చింది. ఆ కంపెనీ డిస్టిలరీ మన చిత్తూరు జిల్లాలోనే ఉంది. మధ్యప్రదేశ్ హెరిటేజ్ మద్యం విధానం తెచ్చి, అలీరాజ్‌పూర్, డిండోరి జిల్లాల్లో ఆదివాసీ సంఘాల చేతే కాయించి సీసాల్లో పోయించింది. రెండోదే మంచి దారి. పేరు, లాభం పువ్వేరిన చేతికి చేరకపోతే హెరిటేజ్ అన్న మాట సీసా మీద కాగితమే. బస్తర్ ఉన్న ఛత్తీస్‌గఢ్ మాత్రం ఇంకా పాత గీత దగ్గరే ఆగింది. ఆదివాసీ కుటుంబం తన వాడకానికి అయిదు లీటర్ల దాకా కాచుకోవచ్చు. అందులోంచి ఒక్క దొప్ప సంతలో అమ్మితే నేరం.