జిగట పొర జాడ పిల్లల వార్డులోనే

బయోఫిల్మ్, అంటే బాక్టీరియా అల్లుకునే జిగట పొర, చరిత్రను లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో చూసిన పంటిపాచితో మొదలుపెట్టి, 1978లో సూక్ష్మజీవశాస్త్రవేత్త బిల్ కాస్టర్టన్ రాసిన వ్యాసం దగ్గరికి ఒక్క అంగలో తీసుకొస్తారు. వాగుల్లో రాళ్లకు పట్టిన బాక్టీరియాను ఆయన చూపించాకే ఆస్పత్రులు మేలుకున్నాయంటారు. ఈ వరుసతో నేను ఏకీభవించలేను. తలలో నీరు చేరిన పసిపిల్లలకు అమర్చిన షంట్లు, అంటే ఆ నీటిని మళ్లించే గొట్టాలు, బాక్టీరియా ఉపరితలాలను పట్టుకుంటాయనే ఆ పాఠాన్ని అంతకుముందే చెప్పాయి.

1956లో జాన్ హోల్టర్ అనే తండ్రి తన కొడుకు కోసం షంట్‌కు సిలికోన్ వాల్వు తయారుచేశాడు. న్యూరోసర్జన్ యూజీన్ స్పిట్జ్‌తో కలిసి చేసిన ఆ వాల్వు ఎందరో పిల్లలను బతికించింది. గొట్టం రెండో కొస అప్పట్లో గుండెలోకి వెళ్లేది. అందుకే వాల్వులో క్రిములు చేరితే రక్తమంతా విషపూరితమయ్యేది. 1961లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కలాహన్, కోహెన్, స్టూవర్ట్ అలాంటి 5 కేసులను మెథిసిల్లిన్ అనే యాంటీబయోటిక్ చికిత్సతో సహా వివరించారు. వాల్వులో స్థిరపడిన స్టెఫిలోకాకస్ క్రిములే మూలమని తేల్చారు. షంట్లలో తరచుగా దొరికేది చర్మంమీద సహజంగా ఉండే రకం. కల్చర్‌లో అది కనబడితే ‘బయటినుంచి పడిందిలే’ అని పక్కన పెట్టడం ల్యాబుల్లో మామూలు.

1972లో రోజర్ బేస్టన్, పెన్నీ అనే పరిశోధకులు మరో అడుగు వేశారు. ఈ క్రిములు జిగట పదార్థాన్ని విపరీతంగా స్రవిస్తున్నాయని, అవి వాల్వును పట్టుకోవడానికి అదే కారణం కావచ్చని రాశారు. వాళ్లు ‘బయోఫిల్మ్’ అనలేదు, రుజువైందనీ అనలేదు. జిగట అంతగా లేని రకాలూ షంట్లను పాడుచేస్తాయి. పరికరం మీది పొరను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపించిన ఘనత కాస్టర్టన్ బృందానిది: 1982లో, పేస్‌మేకర్ తీగపై. ఆయన గొప్పతనం విడివిడి సంగతులను ఒక సిద్ధాంతం కిందికి తేవడం. తొలి ఆధారాల్లో మాత్రం పిల్లల వార్డు వాటాను మరవకూడదు. పిల్లల నరాల వైద్య పత్రికలో వచ్చిన బేస్టన్, పెన్నీల వ్యాసం వాగు బాక్టీరియాను పరిశోధించేవారి కంటపడలేదేమోనని నా అనుమానం.

ఆ బేస్టన్ కృషితోనే రిఫాంపిసిన్, క్లిండమైసిన్ అనే యాంటీబయోటిక్స్ నింపిన షంట్లు వచ్చాయి. బ్రిటన్, ఐర్లాండ్‌లలో పిల్లలు, పెద్దలు కలిపి 1605 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో లాన్సెట్‌లో వచ్చాయి. మామూలు షంట్లలో 6 శాతం ఉన్న ఇన్ఫెక్షన్ వీటిలో 2 శాతానికి తగ్గింది. అదే పరీక్షలో పోల్చిన వెండి పూత షంట్లలో అది 6 శాతంగానే ఉంది. గొప్ప ఫలితమే. కానీ ఆ రెండు మందులూ ప్రధానంగా స్టెఫిలోకాకస్ జాతిని అడ్డుకునేవి. పేగుల క్రిములపై వాటిని నమ్ముకోలేం. షంట్‌లో మందు ఉంది కదా అని ఆపరేషన్ థియేటర్‌లో శుభ్రతను సడలిస్తే పిల్లలకే నష్టం. ఒకసారి పొర పట్టాక షంట్ తీసేసి, యాంటీబయోటిక్స్ ఇచ్చి, కొత్తది పెట్టడమే నేటికీ నమ్మదగిన చికిత్స.