ఫిబ్రవరి 2 - ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం

నీరు నిలిచిన నేల నిరుపయోగమన్న అభిప్రాయం సమాజంలో చిరకాలంగా ఉన్నది. ఈ అపోహను తొలగించి, అట్టి నేలల విలువను తెలియజెప్పే ఉద్దేశంతో ఏటా ఫిబ్రవరి 2వ తేదీన ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవాన్ని నిర్వహించడం జరుగుతున్నది.

నేపథ్యం

నీటి పక్షుల ఆవాసాలు తరిగిపోతున్నాయన్న ఆందోళనతో వివిధ దేశాల ప్రతినిధులు 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని కాస్పియన్ సముద్ర తీర పట్టణమైన రాంసార్‌లో సమావేశమై ఒక అంతర్జాతీయ ఒడంబడికను ఆమోదించారు. అది 1975లో అమలులోకి వచ్చింది. 1982లో భారతదేశం అందులో భాగస్వామి అయినది. 1997 నుంచి దినోత్సవ నిర్వహణ ప్రారంభం కాగా, 2021 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దీనికి అధికారిక గుర్తింపునిచ్చింది.

ఒడంబడిక నిర్వచనం ప్రకారం సరస్సులు, చెరువులు, మడ అడవులు, ఉప్పునీటి కయ్యలు, పోటు తగ్గినప్పుడు ఆరు మీటర్లకు మించని లోతు గల సముద్ర తీర జలాలు సైతం చిత్తడి నేలలే.

కొల్లేరు పాఠం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ గల కొల్లేరు సరస్సు 2002లో రాంసార్ జాబితాలో చేరింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద నీటిని తనలో ఇముడ్చుకొని, ఉప్పుటేరు ద్వారా నిదానంగా బంగాళాఖాతానికి పంపడం ఈ సరస్సు ప్రత్యేకత. ఐదో కాంటూరు వరకు గల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. అందులో వెలసిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తొలగించినప్పటికీ, తదుపరి కాలంలో ఆక్రమణలు మళ్లీ తలెత్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ శివారు కాలనీలు మునిగిన ఘటన, వరద నీటికి తగిన చోటు మిగల్చవలసిన ఆవశ్యకతను గుర్తుచేసింది.

చట్టపరమైన రక్షణ

2017 నాటి కేంద్ర నిబంధనలు రాంసార్ ప్రదేశాలలోను, ప్రభుత్వం నోటిఫై చేసిన ఇతర చిత్తడి నేలలలోను ఆక్రమణలను, చెత్త పారబోయడాన్ని, శుద్ధి చేయని వ్యర్థజలాలను వదలడాన్ని నిషేధించాయి. అయితే సాగునీటి కోసం, తాగునీటి కోసం ప్రత్యేకంగా నిర్మించిన చెరువులు ఈ నిబంధనల పరిధిలోకి రావు. కనుక ఊరి చెరువు రక్షణలో రెవెన్యూ, నీటిపారుదల శాఖల అప్రమత్తత, గ్రామస్థుల చొరవ కీలకమైనవి.

భాగస్వామ్యం ఇలా

చెరువు సరిహద్దులను రికార్డుల ఆధారంగా గుర్తించి రాళ్లు పాతించేందుకు గ్రామసభలో తీర్మానం చేయవచ్చును. ఆక్రమణలను తహసీల్దారు దృష్టికి తీసుకురావచ్చును. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనలో విద్యార్థులు, ఔత్సాహికులు పాల్గొనవచ్చును. స్థానికంగా చిత్తడి నేలల మిత్రలుగా స్వచ్ఛంద సేవలందించవచ్చును. వరద కాలువలలో వ్యర్థాలు వేయకుండుట అందరి బాధ్యత.

ఒకరోజు ర్యాలీతో దినోత్సవ లక్ష్యం నెరవేరదు. వచ్చే ఫిబ్రవరి నాటికి ఊరి చెరువు విస్తీర్ణం తగ్గకుండా నిలబెట్టుకొన్నప్పుడే అది సార్థకమవుతుంది.