ఎ లైన్ (లాస్ ఏంజెల్స్ మెట్రో)

ఎ లైన్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు చెందిన లైట్ రైలు మార్గము. ఇది సముద్రతీరాన ఉన్న లాంగ్ బీచ్ నుండి లాస్ ఏంజెల్స్ నగర కేంద్రం, పాసడీనా, అజూసాల మీదుగా పొమోనా వరకు సుమారు 93 కిలోమీటర్లు సాగుతుంది. మొత్తం 48 స్టేషన్లు ఉన్నాయి. 2025 నాటికి ఇది ప్రపంచంలోకెల్లా పొడవైన లైట్ రైలు మార్గము.

లైట్ రైలు ట్రాముకు, మెట్రో రైలుకు మధ్యస్థమైన వ్యవస్థ. పైనున్న తీగల నుండి విద్యుత్తును గ్రహించే ఈ రైళ్ళు వీధులలోను, ప్రత్యేక మార్గములోను, సొరంగములోను కూడా నడువగలవు.

చరిత్ర

పసిఫిక్ ఎలక్ట్రిక్ సంస్థ 1902లో లాస్ ఏంజెల్స్, లాంగ్ బీచ్ నగరాల మధ్య విద్యుత్ రైళ్ళను ప్రారంభించింది. ప్రజలు వీటిని "రెడ్ కార్లు" అని పిలిచేవారు. మోటారు కార్లు, రహదారులు పెరిగిన కొద్దీ ఈ రైళ్ళకు ఆదరణ తగ్గి, 1961 ఏప్రిల్‌లో ఈ మార్గము కూడా మూతబడింది.

రోడ్లపై రద్దీ భరింపరానిది కావడంతో, 1980లో కౌంటీ ఓటర్లు ప్రజా రవాణా కొరకు అర శాతం అదనపు అమ్మకపు పన్నుకు సమ్మతించారు. ఆ నిధులతో చాలావరకు పాత రెడ్ కార్ల దారిలోనే నిర్మించిన "బ్లూ లైన్" 1990 జూలై 14న ప్రారంభమైంది.

విస్తరణ

పాసడీనా మార్గమును శాంటా ఫే రైల్వే వారి పాత దారిలో నిర్మించారు. నిధుల కొరతతో పనులు నిలిచిపోగా, 1998లో రాష్ట్ర శాసనసభ దీనికొక ప్రత్యేక నిర్మాణ సంస్థను ఏర్పరచింది. "గోల్డ్ లైన్" పేరుతో ఇది 2003 జూలై 26న మొదలైంది. 2008లో ఓటర్లు ఆమోదించిన మరో అర శాతం పన్ను సాయంతో 2016 మార్చి 5న అజూసా వరకు విస్తరించింది.

అయితే బ్లూ లైన్, గోల్డ్ లైన్ నగర కేంద్రంలో ఒకదానినొకటి కలువకుండానే ఆగిపోయేవి. ప్రయాణికులు మధ్యలో భూగర్భ రైలు ఎక్కవలసి వచ్చేది. సుమారు 3 కిలోమీటర్ల సొరంగ మార్గము 2023 జూన్ 16న ప్రారంభమై ఈ లోటును తీర్చింది. అప్పటినుండి లాంగ్ బీచ్, పాసడీనా మార్గములు కలిసి ఒకే ఎ లైన్ అయ్యాయి. 2025 సెప్టెంబర్ 19న గ్లెన్‌డోరా, శాన్ డీమాస్, లా వర్న్, పొమోనా స్టేషన్లు చేరాయి.

భద్రత

పాత దారులను వాడుకోవడం వలన ఖర్చు తగ్గింది కాని, దక్షిణ భాగంలో రైళ్ళు అనేక చోట్ల రోడ్లను నేల మట్టములోనే దాటవలసి వచ్చింది. 1990 నుండి ఈ మార్గములో జరిగిన ప్రమాదాలలో వంద మందికి పైగా మరణించారు. తరువాత కొన్ని కూడళ్ళలో రోడ్డును పూర్తిగా మూసివేసే నాలుగు గేట్ల పద్ధతిని ప్రవేశపెట్టారు. 2019లో బ్లూ లైన్‌ను దశలవారీగా మూసి మరమ్మతులు చేసి, నవంబర్ 2న ఎ లైన్ అను పేరుతో తిరిగి తెరిచారు. వీధుల మధ్య నడిచే చోట్ల రైళ్ళు నేటికీ ట్రాఫిక్ సిగ్నళ్ళ వద్ద ఆగుతుంటాయి.