గనాడోలోని నర్సుల పాఠశాల



మీ కుమార్తె నర్సు చదువునకు పోవుదునని అడిగినయెడల మీరేమందురు? రాత్రి డ్యూటీలు, పరాయివారి రక్తము, పీనుగులను ముట్టుకొనుట, ఇవన్నియు తలంచి జంకిన తలిదండ్రులు మన సంఘములలోను ఉండిరి. అమెరికాలో నావహో తలిదండ్రుల జంకు ఇంతకంటె లోతైనది.

నావహోలు ఆ దేశపు ఆదివాసులు. 1864లో సైన్యము వారిని సొంత నేలనుండి వెళ్లగొట్టి, వందల మైళ్లు నడిపించి, న్యూ మెక్సికోలో నిర్బంధించెను. అనేకులు చనిపోయిరి. మిగిలినవారు 1868 నాటి ఒడంబడికచేత తిరిగి వచ్చిరి. తరువాత ప్రభుత్వపు బోర్డింగు పాఠశాలలు పిల్లలను ఇంటికి దూరము చేసి, తల్లిభాష పలికినందుకు శిక్షించెను. మిషను పాఠశాలలలో కొన్నియు ఆలాగే చేసెను. దానిని మనము దాచకూడదు. అట్టి జనులు చదువు అనగానే సంతోషింతురా? పైగా శవమును తాకుట వారికి మహా భయము. మనిషి చనిపోయిన ఇంటిని విడిచిపోవుట వారి ఆచారము. ఆసుపత్రియో, అనేకులు చనిపోవు ఇల్లు!

చైనాలోని హైనాన్ ద్వీపమున సేవచేసిన డాక్టరు క్లారెన్స్ సాల్స్‌బరీగారు 1927లో ప్రెస్బిటేరియన్ మిషను పక్షముగా అరిజోనాలోని గనాడోకు వచ్చిరి. ఆదివాసి బాలికలు నర్సు శిక్షణకు తాళలేరని ఆనాడు అనేకులు నమ్మిరి. ఆయన ఆ మాట వినక, 1930లో అక్కడి సేజ్ మెమోరియల్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల తెరచిరి. మూడేండ్లకు, అనగా 1933లో, ఆడెల్ స్లివర్స్, రూత్ హెండర్సన్ అను ఇద్దరు నావహో యువతులు చదువు ముగించిరి. ఇద్దరే గదా అనకుడి. రోగి ప్రక్కన నిలిచి, నొప్పి ఎక్కడనో దుబాసీ లేకుండ అడుగగల నర్సులు ఆ ఇద్దరు.

వారు నెగ్గుటకు కారణమేమి? నా మట్టుకు తోచినది ఇది: ఆ పాఠశాల నావహోల నేలమీదనే ఉండెను. చదువుకొరకు తనవారిని విడువ నక్కరలేదు. తన తోటిదే ప్రక్క బల్లమీద కూర్చుండెను. 1943 నాటికి ఇతర తెగల బాలికలు, మెక్సికో, క్యూబా, హవాయి వంశీయులు, ఒక జపాను వంశీయురాలును అచ్చట చేరియుండిరి.

1951లో పాఠశాల మూయబడెను. ఆసుపత్రి మాత్రము నేటికిని నడచుచున్నది.

తరువాత ఆదివాసి బాలికలు పెద్ద కళాశాలలకు పోవలసివచ్చెను. తలుపులు తెరచియున్నను, లోపల తోడు లేనివారు చదువు మధ్యలో మానుకొనుట సులభము. కనుకనే గనాడోకు బహు దూరమున, ఉత్తర డకోటా విశ్వవిద్యాలయములో, 1990లో ఆదివాసి నర్సు విద్యార్థులకొరకు రెయిన్ అను కార్యక్రమము మొదలుపెట్టిరి. పొడి అక్షరములు కలిపిన ఆ పేరునకు వాన అనియు అర్థము వచ్చును. విద్యార్థులను వెదకి పిలుచుట, పాఠములలో సాయపడుట, కష్టము చెప్పుకొనుటకు ఒక పెద్దదిక్కును చూపుట దాని పని.

గనాడోలోని పాత భవనములను 2009లో అమెరికా ప్రభుత్వము జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించెను. అప్పటికి ఆ పాఠశాల మూతపడి 58 ఏండ్లు.