దీపాలదిన్నె

1797. కృష్ణ ఒడ్డున అమరావతి. చింతపల్లి విడిచి వచ్చిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్నారు. ఇటుక కావాలి, రాయి కావాలి. ఊరి పక్కనున్న పెద్ద దిబ్బలో రెండూ ఉన్నాయి. గడ్డపార దించితే పాత ఇటుక, దాని వెంట తెల్లటి పలక. మట్టి తుడిస్తే పలక మీద విచ్చుకున్న తామరపువ్వు. తవ్వేవాడు కాసేపు చూసే ఉంటాడు. ఆపైన బండికెత్తి ఉంటాడు.

సంగతి విని వచ్చిన దొర కాలిన్ మెకంజీ. స్కాట్లాండులోని లూయిస్ దీవిలో పుట్టిన సర్వేయరు. సరిగ్గా ఆ ఏళ్లలోనే అక్కడ ఊరూరి పాదిరీలు తమ ఊళ్ల పేర్లూ, పాత కట్టడాల వివరాలూ రాసి పంపుతుంటే, జాన్ సింక్లెయిర్ సంపుటాలుగా అచ్చువేయిస్తున్నారు. మన సీమలో ఆ వివరాలున్నది కరణాల దగ్గర. మెకంజీ కోసం వాటిని రాబట్టే పనికి దారి వేసింది ఏలూరి కావలి సోదరులు. అన్న బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే కన్నుమూశారు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని భుజానికెత్తుకున్నారు.

గుంటూరు సీమలో ఏదో ఒక ఊరి కరణంగారి అరుగు. అటక మీది కవిలె కట్ట కిందికి దిగింది. దుమ్ము దులిపి తాడు విప్పారు.

"ఊరికి ఈ పేరెట్లా వచ్చిందండీ? గుడి ఎవరు కట్టించారు? మాన్యం ఎవరిచ్చారు?"

ఇలాగే సాగి ఉంటుంది ఆ మాట. కరణంగారి జవాబే ఆ ఊరి కైఫీయతు. ఆ కాగితాలు చివికిపోతుంటే సి.పి.బ్రౌన్ తిరగరాయించారు. అందుకే నేటికీ చదవగలుగుతున్నాం.

1816లో మెకంజీ మళ్లీ అమరావతి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు. మిగిలిన పలకలకు మెకంజీ బొమ్మలు గీయించారు. వాటిలో కొన్ని ఇప్పుడు ఆ బొమ్మల్లోనే ఉన్నాయి. ఆ దిబ్బ బౌద్ధ స్తూపమన్న ఊహ ఊరికి లేదు, బుద్ధుడి ఊసు లేదు. జనం నోట మిగిలింది ఒక్క పేరే: దీపాలదిన్నె. దొరగారి పటం మీదికీ ఆ పేరే ఎక్కింది.

ఆ పక్కనే అమరేశ్వరాలయంలో ఒక స్తంభం మీద 1182 నాటి శాసనం ఉంది. కోట కేతరాజు బుద్ధదేవుడికి అఖండ దీపాలు పెట్టించినట్టు అందులో చెక్కారు. ఆ దీపాల జ్ఞాపకమే జనం నోట ఈ పేరై నిలిచిందని నా నమ్మకం.

మన పత్తి చేలలో, మిరప తోటల్లో ఇలాంటి దిబ్బలు ట్రాక్టరు కింద చదునైపోతున్నాయి. సర్వే నంబరు మిగులుతుంది, పేరు పోతుంది. ఈ ఆదివారం మీ తాతయ్య పక్కన కూర్చోండి. చేను పేరేమిటో, ఎందుకలా పిలిచేవారో అడిగి, నోటు పుస్తకంలో రాసుకోండి. రాయి పోయినచోట ఎనిమిది వందల ఏళ్ల నాటి దీపాన్ని ఒక్క పేరు కాపాడింది.