కారు హెడ్‌లైటు బల్బు మార్చే ముందు: మన ప్రాంతంలో రాత్రి ప్రయాణాలకు కొన్ని వివరాలు

విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి, అంటే మనం ఇన్నాళ్ళూ 7వ నంబరు అని పిలుచుకున్న రోడ్డు, ఇప్పుడు నాలుగు వరుసలది. మధ్యలో డివైడరు ఉంది గనుక ఎదురు బండి లైటు అంతగా బాధించదు. కానీ మన పెళ్ళిళ్ళు, కులదైవం పూజలు, చావుకబుర్లు అన్నీ ఆ రోడ్డు మీదే ఉండవు కదా. కళుగుమలై, ఎట్టయపురం, విళాత్తికుళం, అరుప్పుక్కోట్టై వైపు రెండు వరుసల రోడ్లు పట్టాలి, అక్కడినుంచి కరిసల్ పల్లెల్లోకి దిగాలి. నల్లనేల, నల్లతారు, వీధిదీపం ఉండదు. ఆడి నెలలో ఇరుక్కన్‌కుడి మారియమ్మన్ కోవెలకు, తైపూసానికి తిరుచెందూరుకు నడిచి వెళ్ళే భక్తులు రాత్రివేళ రోడ్డు అంచునే సాగిపోతుంటారు. వాళ్ళు మనకు ఎంత దూరంలో కనబడతారన్నదే అసలు విషయం.

అందుకే "ఇంకా వెలుగిచ్చే బల్బు ఏది వేయించాలి?" అని మన సభ్యులు తరచుగా అడుగుతున్నారు. క్లుప్తంగా జవాబు ఇది: కొత్త బల్బు చివరి పని. ముందు అద్దం, వైరింగు, లైటు వంపు సరిచూడాలి. ఆ మూడూ బాగుంటే మామూలు బల్బే చాలావరకు సరిపోతుంది.

వేగం, వెలుగు: ఒక చిన్న లెక్క

గంటకు 80 కి.మీ. వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర పడుతుందనుకుంటే అప్పటికే 33 మీటర్లు దాటిపోతాం. పొడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో 35 మీటర్లు కావాలి. మొత్తం దాదాపు 70 మీటర్లు. డిమ్ లైటులో ముదురురంగు బట్టలు కట్టుకున్న మనిషి 50 మీటర్ల దూరంలోనైనా స్పష్టంగా కనబడడం కష్టమే. అదే 60 కి.మీ. వేగంలో అయితే సుమారు 45 మీటర్లలో ఆగుతాం. ఐప్పసి, కార్తిగై వానల్లో తడిరోడ్డు మీద ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి. ఏ బల్బు వేసినా ఈ లెక్క మారిపోదు. కాస్త మెరుగుపడుతుంది, అంతే.

మొదటి పని: అద్దం

ఇప్పటి హెడ్‌లైట్ల ముందుభాగం గాజు కాదు, పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్కు. మన ఎండకు నాలుగైదేళ్ళలో పసుపురంగు తిరిగి మసకబారుతుంది. బల్బు ఎంత వెలిగినా వెలుగు బయటికి రాదు, వచ్చింది చెదిరిపోయి ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది. నీళ్ళతో తడిపిన సన్నరకం ఉప్పుకాగితంతో రుద్ది, పాలిష్ పట్టించి, పైన ఎండను తట్టుకునే పూత వేయిస్తే మళ్ళీ తేటపడుతుంది. పూత లేకుండా వదిలేస్తే కొన్ని నెలల్లోనే పసుపెక్కుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే వచ్చే మెరుపు నాలుగు రోజుల ముచ్చటే. లోపలి వెండిపూత లేచిపోయి ఉంటే మాత్రం పాలిష్ పనికిరాదు, లైటు మొత్తం మార్చాల్సిందే.

విండ్‌షీల్డు లోపలివైపు కూడా తుడవండి. అక్కడ పట్టే సన్నని జిడ్డుపొర పగలు కనబడదు, రాత్రి ఎదురులైటు పడగానే తెల్లగా పరచుకుంటుంది.

రెండో పని: వైరింగు

హాలోజన్ బల్బు వోల్టేజికి చాలా లొంగుతుంది. వోల్టేజి నూటికి పది తగ్గితే వెలుగు నూటికి ముప్పై దాకా తగ్గుతుంది. ఇంజను నడుస్తుండగా, లైటు వెలిగించి, బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు పిన్నుల దగ్గర ఒకసారి మల్టీమీటరుతో కొలిపించండి. రెంటికీ తేడా అర వోల్టు దాటితే మధ్యలో ఎక్కడో కరెంటు పోతోందన్నమాట. తుప్పుపట్టిన ఎర్త్ వైరు, వదులైన హోల్డరు, పాతబడిన స్విచ్చి, వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. పదేళ్ళు దాటిన బండికి మంచి ఎలక్ట్రీషియన్ చేత రిలే వేయిస్తే, స్విచ్చి గుండా కాకుండా బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకు కరెంటు అందుతుంది. పాత బల్బే కొత్తదానిలా వెలుగుతుంది.

మూడో పని: వంపు

బండిని సమతలంగా ఉన్న చోట, గోడకు ఎదురుగా సరిగ్గా 5 మీటర్ల దూరంలో నిలపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒక మనిషి కూర్చోవాలి. నేలనుంచి హెడ్‌లైటు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడమీద అదే ఎత్తులో గీత గీయండి. డిమ్ లైటు వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు సుమారు 5 సెంటీమీటర్లు కిందుండాలి. ఎడమవైపు అంచు కాస్త పైకి లేవడం తప్పు కాదు. రోడ్డు ఎడమ అంచున నడిచేవాళ్ళు కనబడాలనే అలా చేస్తారు.

చాలా కార్లలో స్టీరింగు పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. పెళ్ళి సామాను డిక్కీ నిండా వేసి, వెనుక ముగ్గురు కూర్చుంటే బండి ముక్కు పైకి లేస్తుంది, డిమ్ లైటు కూడా హై బీమ్‌లా ఎదుటివాళ్ళ కళ్ళకు కొడుతుంది. అప్పుడు ఆ చక్రాన్ని 2కో 3కో తిప్పాలి. మనలో చాలామంది దాన్ని ముట్టుకుని కూడా ఉండరు.

ఇక బల్బు

ఆల్టో, బొలెరో లాంటి చాలా బండ్లలో హెచ్4 బల్బు ఉంటుంది. ఒకే బల్బులో రెండు తీగలు: హై బీమ్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55 వాట్లు. ప్రామాణికం ప్రకారం హై బీమ్‌లో సుమారు 1650 ల్యూమెన్లు, డిమ్‌లో 1000 ల్యూమెన్లు వస్తాయి. కొన్ని బండ్లలో రెంటికీ విడివిడి బల్బులుంటాయి. హెచ్7 అయితే 55 వాట్లకు 1500, హెచ్11 అయితే 55 వాట్లకు 1350 ల్యూమెన్లు. ఒకదాని హోల్డరులో ఇంకొకటి కూర్చోదు. మీ బండికి ఏదో యజమాని పుస్తకంలో ఉంటుంది, పాత బల్బు అడుగున కూడా అచ్చువేసి ఉంటుంది.

"నూరు శాతం ఎక్కువ", "నూటముప్పై శాతం ఎక్కువ" అని డబ్బామీద రాసిన బల్బులు ఫిలిప్స్, ఆస్రామ్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. ఆ శాతం మొత్తం వెలుగుది కాదు. రోడ్డు మీద కొన్ని ఎంచిన చోట్ల పడే వెలుగును, చట్టం అడిగే కనీస మొత్తంతో పోల్చి చెప్పే లెక్క అది. వాట్లు మారవు గనుక వైరింగుకు ప్రమాదం లేదు, దూరం కొంత బాగా కనబడుతుంది. తీగ ఎక్కువ వేడెక్కుతుంది గనుక త్వరగా మాడిపోతుంది. రాత్రి ప్రయాణాలు ఎక్కువగా చేసేవారికి ఇవి పనికొస్తాయి.

నీలిపూత ఉన్న తెల్లబల్బులు చూపుకు అందంగా ఉంటాయి. ఆ పూత కొంత వెలుగును మింగేస్తుంది, వానలో తెల్లకాంతి మరింత చెదిరినట్టు అనిపిస్తుంది. మన రోడ్లకు మామూలు లేతపసుపు వెలుగే మేలు.

100/90 వాట్ల బల్బు జోలికి పోవద్దు. 60 వాట్ల జత 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు తీసుకుంటే, 100 వాట్ల జత దాదాపు 17 తీసుకుంటుంది. హోల్డరు కరుగుతుంది, స్విచ్చి కాలుతుంది, వెండిపూత మాడుతుంది.

హాలోజన్ హోల్డరులో ఎల్‌ఈడీ బల్బు పెట్టించుకోవడం ఇప్పుడు ఫ్యాషన్. హెడ్‌లైటు లోపలి అద్దాన్ని తీగ ఉండే చోటును, దాని ఆకారాన్ని బట్టి తయారుచేస్తారు. ఎల్‌ఈడీ చిప్ ఆ చోట ఆ ఆకారంలో లేకపోతే వెలుగు దారి తప్పుతుంది. బండి ముందు పది మీటర్లు ధగధగా మెరుస్తుంది, దూరం చీకటిగానే ఉంటుంది, ఎదుటివాడు గుడ్డివాడవుతాడు. దగ్గర మెరుపు చూసి మనకు బాగా కనబడుతోందనిపిస్తుంది, అదే మోసం. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చిన బండి సంగతి వేరు, దాని లైటును దానికోసమే తయారుచేస్తారు.

చట్టం సంగతి: 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిలో మార్పులు చేయకూడదు. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

బల్బు వేసేటప్పుడు గాజును చేత్తో ముట్టవద్దు. చేతి జిడ్డు అంటిన చోట గాజు వేడెక్కి త్వరగా పోతుంది. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడవండి. ఒకటి మాడినా జతగా మార్చండి.

కళ్ళ సంగతి కూడా

ఇరవై ఏళ్ళ వయసులో కంటిలోకి వెళ్ళే వెలుగులో, అరవై ఏళ్ళకు మూడో వంతు మాత్రమే రెటీనా దాకా చేరుతుంది. శుక్లం మొదలైతే ఎదురులైటు చుట్టూ వలయం కనబడుతుంది, అది పోయాక చాలాసేపు చీకటే. అలా ఉంటే లోపం బల్బుది కాదు. ఎట్టయపురం దగ్గర వడమలాపురంలో పుట్టిన డాక్టర్ జి. వెంకటస్వామి గారు 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆస్పత్రి మనకు అందుబాటులోనే ఉంది. అరవై దాటినవారు ఏడాదికొకసారి కంటిపరీక్ష చేయించుకోవాలి. రాత్రి చూపు తగ్గిందనిపిస్తే బండి పిల్లలకు ఇవ్వడంలో చిన్నతనమేమీ లేదు.

చేయవలసినవి వరుసగా: అద్దం తేటపరచడం, వోల్టేజి కొలిపించడం, వంపు సరిచేయడం, కళ్ళు చూపించుకోవడం. ఆ తరువాత అవే వాట్లలో మంచి కంపెనీ బల్బుల జత. ఎదురుబండి కనబడగానే డిమ్ చేయండి. ఆడి, తై నెలల్లో నడిచేవాళ్ళున్న దారిలో 60 దాటకండి.