సేనతో నడచిన ఛాయాచిత్రకారుడు

యుద్ధమునకు సంబంధించిన చిత్రమును చూచినప్పుడు మనము దానిని ప్రత్యక్షసాక్ష్యముగా స్వీకరింతుము. చెప్పినవాడు అబద్ధమాడవచ్చును గాని యంత్రము ఆడదు గదా అని మన నమ్మకము. అయితే ఆ యంత్రము వెనుక నిలిచిన మనిషి ఎవరు, ఎవరి అనుమతితో అచట నిలిచెను అను ప్రశ్న మనకు అరుదుగా తోచును.

క్రిమియా యుద్ధమునకు బ్రిటిషు ప్రభుత్వము 1854లో రిచర్డ్ నిక్లిన్ అను ఛాయాచిత్రకారుని, ఇద్దరు సాపర్లను తోడిచ్చి పంపెను. నవంబరు 14న బాలక్లావా రేవున చెలరేగిన పెనుతుపానులో ఓడ మునిగి మువ్వురును మరణించిరి. వారి చిత్రమొక్కటియు మనకు దక్కలేదు.

మరుసటి ఏడు రోజర్ ఫెంటన్ అచటికి వెడలెను. ద్రాక్షసారాయి వర్తకుని బండి నొకదానిని చీకటిగదిగా మార్చి వెంట గొనిపోయెను. ఆ కాలమున గాజుపలకకు మందు పూసి, ఆ తడి ఆరకముందే చిత్రమును తీసి, కడిగి ముగింపవలసి యుండెను. పలక ముందు కొన్ని సెకనులపాటు కదలక నిలిచినదే చిత్రమున పడును. కావున పోరాటము పడలేదు. శిబిరములు, సేనానులు, రేవు పడినవి. ఆయన తెచ్చిన 350కి పైబడిన చిత్రములలో మృతదేహములు కానరావు. ఫిరంగిగుండ్లు పడియున్న ఒక లోయను మాత్రము ఆయన రెండుమార్లు తీసెను. ఒక చిత్రమున బాట ఖాళీగా నున్నది. రెండవదానిలో బాటనిండ గుండ్లున్నవి. గుండ్లను చిత్రము కొరకే బాటపైకి చేర్చిరని నేటి పరిశోధకులు పలువురు భావింతురు.

ఇక మన దేశమునకు వత్తము. 1857 నవంబరు 16న లక్నోలోని సికందర్ బాగులో సుమారు 2,000 మంది భారతీయ సిపాయిలు హతులైరి. ఫెలిచె బియాతో అచటికి చేరినది 1858లో. ఆయన చిత్రమున శిథిలభవనము ముంగిట ఎముకలు చెదరి యున్నవి. కప్పివేయబడిన ఆ అవశేషములను ఛాయాచిత్రకారుడు పట్టుబట్టి మరల బయటబెట్టించెనని ఆనాటి ఆంగ్లాధికారి యొకడు తన స్మృతులలో వ్రాసెను. ఫెంటన్ చిత్రములలో తమ పక్షపు మృతులు కానరారు. ఇచట ఓడినవారి అస్థులే ప్రదర్శనవస్తువు లైనవి. ఆ సిపాయిల పేర్లను ఆ చిత్రము మనకు చెప్పదు.

ఈ వృత్తికి మరియొక ముఖము కలదు. 1941లో బ్రిటిషు సైన్యము చలనచిత్ర, ఛాయాచిత్ర దళమును నెలకొల్పెను. అందలివారు సైనికులే. తీసిన చిత్రములకు తేదీ, స్థలము, వివరము కాగితముపై వ్రాసి జతపరచుట వారి విధి. 1945 ఏప్రిల్‌లో వారు జర్మనీలోని బెల్సెన్ నిర్బంధశిబిరమున ప్రవేశించి, పూడ్చిపెట్టని వేలకొలది శవములను, బ్రతికియున్న వారిని చిత్రించిరి. ఆ సంవత్సరమే ల్యూనెబర్గులో జరిగిన విచారణలో వారి చలనచిత్రమును న్యాయస్థానమున సాక్ష్యముగా ప్రదర్శించిరి.

బియాతోయు, ఈ సైనికులును సేన వెంట నడచినవారే. ఇరువురును మృతులనే చిత్రించిరి. ఒకరు దృశ్యము కొరకు మృతులను అమర్చిరి. వేరొకరు కన్నదానిని కన్నట్లు తీసి, పక్కన వివరము వ్రాసిరి. యంత్రము తనంతట తాను సత్యము పలుకదు. దాని పక్కనున్న ఆ చిన్న కాగితమే దానిచేత పలికించును. పాత యుద్ధచిత్రము కంటబడినప్పుడు ముందుగా మనము వెదకవలసినది ఆ కాగితమునే.